పగటి వెలుతురున్న హాలుకు 55 అంగుళాల ఓలెడ్ మంచిదా, 65 అంగుళాల మినీ ఎల్‌ఈడీ మంచిదా?

ప్రశ్న: తూర్పుకిటికీ (గుంటూరు)

సభ్యులందరికీ నమస్కారం. మా ఇంట్లో ఉన్న 43 అంగుళాల పాత ఎల్‌సీడీ టీవీ తెర మీద నిలువు గీతలు పడ్డాయి. ప్యానెల్ పోయిందనీ, దాన్ని మార్చే ఖర్చుకు ఇంకొంత కలిపితే కొత్త టీవీయే వస్తుందనీ మెకానిక్ చెప్పడంతో కొత్తది కొనాలని నిశ్చయించుకున్నాము. లక్షా ఇరవై వేల రూపాయల వరకు పెట్టగలము. ఆ ధరలో మా ఊరి షాపులో రెండు టీవీలు నచ్చాయి. ఒకటి 55 అంగుళాల ఓలెడ్, రెండవది 65 అంగుళాల మినీ ఎల్‌ఈడీ. 32 అంగుళాలకు మించిన టీవీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాస్తా 18 శాతానికి తగ్గింది కాబట్టే ఓలెడ్ మా లెక్కలోకి వచ్చింది. అంతకుముందు దాని వంక చూసే ఆలోచన కూడా చేయలేదు.

ఎవరు ఎప్పుడు ఏమి చూస్తారో తెలిస్తే సలహా ఇవ్వడం మీకు సులువవుతుందని వివరంగా రాస్తున్నాను. టీవీ పడమటి గోడకు ఉంటుంది, దానికి ఎదురుగా తూర్పు గోడకు రెండు పెద్ద కిటికీలు ఉన్నాయి, అందువల్ల ఉదయం పదకొండు గంటల వరకు వెలుతురు నేరుగా తెర మీదికే వస్తుంది. మా మామయ్యగారు పదవీ విరమణ చేసినప్పటి నుంచి ఉదయం ఆరింటికి వార్తల ఛానెల్ పెడితే భోజనాల వేళ వరకు అదే నడుస్తుంది, సాయంత్రం మళ్లీ చర్చా కార్యక్రమాలు ఉంటాయి. మధ్యాహ్నం మా అత్తగారి సీరియళ్లు, సెలవు రోజుల్లో మావారి క్రికెట్. రాత్రి తొమ్మిదిన్నర దాటాక హాలు నా చేతికి వస్తుంది. దీపాలన్నీ ఆర్పేసి ఓటీటీలో ఒక మంచి సినిమా చూడడం నాకు రోజంతటిలో ఎంతో ఇష్టమైన పని. మొత్తం మీద టీవీ రోజుకు పది గంటలకు తక్కువ కాకుండా నడుస్తుంది, అందులో ఆరేడు గంటలు వార్తలే. సోఫా తెరకు ఎదురుగా తొమ్మిది అడుగుల దూరంలో ఉంటుంది, మామయ్యగారి వాలుకుర్చీ మాత్రం బాగా పక్కకు, వీధి గుమ్మం దగ్గర ఉంటుంది.

షాపులో ఓలెడ్ తెర మీద నల్లని ఆకాశంలో నక్షత్రాలను చూశాక నాకు ఇంకేదీ కంటికి ఆనలేదు. వార్తల ఛానెల్ లోగో, కింద నడిచే స్క్రోలింగు తెర మీద అచ్చు పడిపోతాయని విన్నాను గనుక ఆ సంగతి అడిగితే, అది పాత మాట అనీ, ఇప్పటి ఓలెడ్‌లకు ఆ బాధ లేదనీ షాపువారు గట్టిగా చెప్పారు. ఈ మాట ఎంతవరకు నిజం? మా ఇంటి వాడకానికి ఏది తగినదో అనుభవం ఉన్నవారు దయచేసి కారణాలతో సహా చెప్పగలరు.

జవాబు: గోదావరిగట్టు (రాజమహేంద్రవరం)

అమ్మా, నేను టీవీలు బాగుచేసే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. షాపువారు చెప్పిన మాటలో సగం మాత్రమే నిజం ఉంది. తెర మీద అచ్చు పడడం మునుపటి కంటే బాగా తగ్గింది, కానీ పోలేదు. మీ ఇంట్లో టీవీ వాడే తీరు చూస్తే అది రావడానికి కావలసిన పరిస్థితులన్నీ అక్కడే ఉన్నాయి.

ఓలెడ్‌లో ప్రతి చుక్కా తనంతట తానే వెలుగుతుంది, వెనుక వేరే దీపం ఉండదు. వెలిగిన కొద్దీ ఆ చుక్కలోని సేంద్రియ పదార్థం కాస్త కాస్తగా సత్తువ కోల్పోతుంది. పెళ్లి పందిరికి కట్టిన బల్బుల తోరణంలో కొన్ని బల్బులను రాత్రింబవళ్లు వెలిగించి, తక్కిన వాటిని అప్పుడప్పుడు మాత్రమే వెలిగిస్తే కొన్నాళ్లకు ఏవి మసకబారుతాయో, ఇక్కడా అదే జరుగుతుంది. మన తెలుగు వార్తల ఛానెళ్లలో కింద ఎర్రని పట్టీ, దాని కింద ఇంకొక స్క్రోలింగు, మూలన లోగో, చర్చ జరుగుతుంటే చుట్టూ చతురస్రాల గీతలు ఉంటాయి. అవి ఉన్నచోటనే గంటల తరబడి ఉంటాయి కాబట్టి ఆ భాగంలోని చుక్కలు మిగిలిన వాటి కంటే ముందుగా అరిగిపోతాయి. లోపల బొమ్మ ఇరుక్కుపోవడం అంటూ ఏమీ ఉండదు; అరుగుదల ఎగుడుదిగుడుగా ఉండడమే మన కంటికి అచ్చులా కనబడుతుంది.

ఒక కార్యాలయంలో సందర్శకులు కూర్చునే గదిలోని ఓలెడ్‌ను చూడమని నన్ను పిలిచారు. తెల్లని తెర పెట్టి చూస్తే ఏమీ తెలియలేదు. నిండుగా ఎర్రని తెర పెట్టగానే కింది భాగంలో అడ్డంగా ఒక మసక పట్టీ, కుడి మూలన లోగో ఆకారం అంచులతో సహా కనబడ్డాయి. బూడిద రంగు పెడితే ఆ పట్టీ ఇంకా స్పష్టంగా తేలింది. దానికి మరమ్మతు అంటూ లేదు. ప్యానెల్ మార్చాలి, ప్యానెల్ ధర దాదాపు టీవీ ధరకు దగ్గరగా ఉంటుంది. కెనడాకు చెందిన ఆర్టింగ్స్ అనే పరీక్షా సంస్థ 2022 చివరి నుంచి వంద టీవీలను వరుసగా పెట్టి ఒకే వార్తల ఛానెల్‌ను నడిపించి చూసినప్పుడు కూడా ఓలెడ్‌లలో ఇలాంటి అచ్చులే బయటపడ్డాయి. రోజుకు ఆరు గంటల వార్తలంటే సంవత్సరానికి రెండు వేల గంటలు దాటుతుందని మీరు గుర్తుంచుకోవాలి.

ఇంకొక విషయం షాపులలో ఎవరూ చెప్పరు. ఈ అరుగుదలను సరిచేసుకునే ఏర్పాటు ఓలెడ్ టీవీలోనే ఉంటుంది. నాలుగు గంటలకు పైగా నడిచిన తరువాత రిమోటుతో ఆపితే, తెర చీకటిగా ఉండగానే అది లోపల కొన్ని నిమిషాల పాటు ఒక్కొక్క చుక్క ఎంత అరిగిందో కొలుచుకుని, మరుసటి రోజు దానికి తగ్గట్టు కరెంటు సర్దుతుంది. ఇది జరగాలంటే గోడ స్విచ్ వేసే ఉండాలి. మన ఇళ్లలో రాత్రి పడుకోబోయే ముందు స్విచ్‌బోర్డు దగ్గర టీవీ, సెట్‌టాప్ బాక్సు అన్నీ ఆపేయడం పెద్దల అలవాటు. ఓలెడ్‌కు అలా చేస్తే ఆ సర్దుబాటు వాయిదా పడుతూనే పోతుంది, టీవీకి ఉన్న రక్షణను మన చేతులతో మనమే తీసేసినట్టవుతుంది.

మినీ ఎల్‌ఈడీ కూడా ఎల్‌సీడీలో ఒక రకమే. ఎల్‌సీడీకి ఏ జబ్బూ రాదని నేను చెప్పను. నా దగ్గరికి వచ్చే టీవీలలో చాలా వాటిది ఒకటే కథ: మాట వస్తుంది, బొమ్మ రాదు. వెనుక ఉండే ఎల్‌ఈడీ స్ట్రిప్‌లలో ఒక బల్బు పోతే మొత్తం వెలుగు ఆగిపోతుంది. బ్యాక్‌లైట్‌ను ఎప్పుడూ వంద మీద పెట్టి నడిపేవారికి ఇది ముందుగా వస్తుంది, అంచుల నుంచి మాత్రమే వెలుగు పంపే సన్నని టీవీలలో వేడికి లోపలి షీట్లు ముడతలు పడి తెర మచ్చలు మచ్చలుగా కూడా కనబడుతుంది. కానీ స్ట్రిప్‌లు మార్చడం చిన్న ఊళ్లలో కూడా తెలిసిన పని, ఖర్చు ప్యానెల్ ఖర్చులో చిన్న భాగం. మినీ ఎల్‌ఈడీ దీపాల పలకలు పాత స్ట్రిప్‌ల కంటే ఖరీదైనవే, అయినా తెర అంతా మార్చవలసిన అవసరం రాదు. మీరు చెప్పిన హాలుకు నేనైతే ఎల్‌సీడీయే పెడతాను.

జవాబు: రెండోఆట (హైదరాబాద్)

గోదావరిగట్టు గారు చెప్పినవన్నీ ఒప్పుకుంటూనే నేను వేరే మాట చెప్పదలచుకున్నాను, ఎందుకంటే ప్రశ్న అడిగినవారికి రాత్రి సినిమా ప్రాణమని వారి ఉత్తరంలోనే కనబడుతోంది. లక్షకు పైగా పెట్టి కొంటూ మనసుకు నచ్చినదాన్ని వదులుకోవడం నాకు బాధగా అనిపిస్తుంది.

నేను ఓలెడ్ వాడుతున్నాను. దీపాలు ఆర్పిన గదిలో నలుపు నలుపుగానే ఉంటుంది, తెర అంచు ఎక్కడో గోడ ఎక్కడో తెలియదు. ఎల్‌సీడీలో వెనుక దీపం వెలుగుతూనే ఉంటుంది, ద్రవస్ఫటికాలు దాన్ని అడ్డగించాలి, ఎంత అడ్డగించినా కొంత కారుతుంది. మినీ ఎల్‌ఈడీలో ఆ దీపాలను వందల గుంపులుగా విడదీసి అవసరం లేనిచోట ఆపుతారు, అయినా ఒక్కొక్క గుంపు వెనుక వేల చుక్కలు ఉంటాయి కాబట్టి చీకటి దృశ్యం మీద తెల్లని సబ్‌టైటిల్ వచ్చినప్పుడు దాని చుట్టూ పొగ వెలుగు కమ్ముతుంది. ఒకసారి అది కనబడిందంటే తరువాత ప్రతి సినిమాలోనూ కన్ను అక్కడికే పోతుంది.

పక్క నుంచి చూసేవారి సంగతి కూడా ఇక్కడ ఎవరూ ఎత్తలేదు. మినీ ఎల్‌ఈడీ టీవీలలో ఎక్కువ భాగం వీఏ రకం ప్యానెల్‌తో వస్తాయి. ఎదురుగా కూర్చుంటే వాటి నలుపు బాగుంటుంది, ముప్పై డిగ్రీలు పక్కకు జరిగేసరికి రంగులు వెలిసిపోతాయి. అంటే మీ మామయ్యగారు రోజంతా వెలిసిన బొమ్మనే చూడవలసి వస్తుంది. ఓలెడ్‌కు ఆ లోపం లేదు. నా సలహా ఏమిటంటే హాలులో ఓలెడ్ పెట్టండి, వార్తల కోసం మామయ్యగారి గదిలో 32 అంగుళాల చిన్న టీవీ ఒకటి పెట్టండి, దానికి అయ్యే ఖర్చు పెద్దదేమీ కాదు.

ఓలెడ్ వైపు నుంచి ఒక్క లోపం మాత్రం దాచకుండా చెప్పాలి. మన సినిమాలు సెకనుకు 24 ఫ్రేములతో తీస్తారు, ఓలెడ్ చుక్క ఒక ఫ్రేము నుంచి ఇంకొక ఫ్రేముకు మిల్లీసెకను కంటే తక్కువ వ్యవధిలో మారిపోతుంది. అందువల్ల కెమెరా నెమ్మదిగా పక్కకు తిరిగే దృశ్యాలలో బొమ్మ కుదుపుతో జరుగుతున్నట్టు కనబడుతుంది. మోషన్ సెట్టింగును కొద్దిగా పెంచితే అది చాలావరకు సర్దుకుంటుంది, మరీ పెంచితే సినిమా కాస్తా సీరియల్‌లా మారుతుంది.

తూర్పుకిటికీ (గుంటూరు):

ఇద్దరికీ కృతజ్ఞతలు. గోదావరిగట్టు గారు స్విచ్‌బోర్డు గురించి చెప్పింది చదివి మా ఇంట్లో అందరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము. మా అత్తగారు వర్షాకాలంలో పిడుగుల భయంతో మొదలుపెట్టిన అలవాటు, ఇప్పుడు ఏడాది పొడవునా రాత్రి పదకొండు కాగానే హాలులోని స్విచ్‌లన్నీ ఆపి, టీవీ ప్లగ్గు కూడా పీకి పక్కన పెడతారు. వద్దని ఆమెకు నచ్చజెప్పవచ్చు గానీ, నేను ఊళ్లో లేని రోజున అది జరగదు.

రెండోఆట గారు చెప్పిన చిన్న టీవీ ఉపాయం మంచిదే, కానీ మా ఇంటికి కుదరదు. మామయ్యగారు గుమ్మం దగ్గర కూర్చునేది వార్తల కోసం ఒక్కటే కాదు. ఉదయం పేపరు, పాలు, కూరగాయలు వచ్చేది ఆ గుమ్మంలోకే, ఆయన స్నేహితులు వచ్చి కూర్చునేదీ అక్కడే. టీవీ కోసం ఆయనను లోపలి గదిలోకి పంపడం మాకు ఇష్టం లేదు.

పక్క నుంచి బొమ్మ వెలిసిపోతుందన్న మాట మాత్రం నన్ను ఆలోచనలో పడేసింది. ఆయన కుర్చీ తెర మధ్య నుంచి నలభై డిగ్రీల పక్కన ఉంటుందని మావారు కొలిచి చెప్పారు. మినీ ఎల్‌ఈడీ తీసుకుని ఈ ఇబ్బంది తగ్గించుకునే మార్గం ఏదైనా ఉన్నదా?

జవాబు: ఏడురంగులు (హైదరాబాద్)

నేను సినిమాలకు రంగులు సరిచేసే డీఐ స్టూడియోలో పనిచేస్తాను, రోజంతా నా కళ్ల ముందు ఉండేది తెరలే. ఓలెడ్ గొప్పదా ఎల్‌సీడీ గొప్పదా అని వాదించేవారికి మా వృత్తిలో జరిగిన ఒక మార్పు చెబితే ఉపయోగపడుతుంది. 2014లో సోనీ తెచ్చిన బీవీఎం-ఎక్స్300 అనే 30 అంగుళాల ఓలెడ్ మానిటరును చాలాకాలం ప్రపంచమంతటా స్టూడియోలు ప్రమాణంగా పెట్టుకున్నాయి. దాని తరువాత అదే సంస్థ తెచ్చిన హెచ్ఎక్స్310 మానిటరులో ఉన్నది ఎల్‌సీడీ ప్యానెల్, ఒక పొర వెనుక ఇంకొక పొర పెట్టి వెలుతురును రెండు సార్లు అడ్డగించే రకం. నలుపులో ఓలెడ్‌కు సాటి లేకపోయినా, తెర అంతా ఒకేసారి ప్రకాశవంతంగా వెలగవలసి వచ్చినప్పుడు అది తగ్గిపోతుంది, ఎల్‌సీడీ తగ్గదు. ఈ మార్పుకు పెద్ద కారణం అదే.

మీ హాలులో కూడా పగటిపూట సమస్య ఇదే. తెరలో చిన్న భాగం మాత్రమే వెలిగేటప్పుడు ఓలెడ్ బ్రహ్మాండంగా మెరుస్తుంది, షాపులో నక్షత్రాలూ బాణసంచా చూపించేది అందుకే. తెర నిండా వెలుగు ఉండే దృశ్యం వచ్చేసరికి వేడి, కరెంటు వాడకం హద్దు దాటకుండా టీవీ తనంతట తానే ప్రకాశాన్ని తగ్గించుకుంటుంది. మీరు కొనగలిగిన ధరలోని ఓలెడ్‌లు అలాంటి నిండు తెల్లని తెర మీద సుమారు 150 నుంచి 200 నిట్ల (నిట్ అంటే తెర ప్రకాశానికి కొలత) దగ్గర ఆగుతాయి, మంచి మినీ ఎల్‌ఈడీ 500 దాటుతుంది. వార్తల స్టూడియో, మధ్యాహ్నం సీరియల్‌లో తెల్లగోడల ఇల్లు, పగటి క్రికెట్ మైదానం, ఇవన్నీ తెర నిండా వెలుగు ఉండే దృశ్యాలే. ఎదురుగా రెండు కిటికీలు తెరిచి ఉన్నప్పుడు మీ మామయ్యగారికి ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది. పైగా ఓలెడ్‌లో కూడా రెండు రకాలు ఉన్నాయి. శామ్‌సంగ్ డిస్‌ప్లే తయారుచేస్తున్న క్యూడీ-ఓలెడ్‌లో ముందు పోలరైజరు పొర (బయటి వెలుతురు తిరిగి మెరవకుండా ఆపేది) ఉండదు, అందువల్ల గదిలోని వెలుతురు పడితే దాని నలుపు కాస్త బూడిదగా, ఊదాగా తిరుగుతుంది. ఎల్‌జీ డిస్‌ప్లే చేసే రకంలో ఈ మార్పు లేదు, కానీ కిటికీ ప్రతిబింబం రెంటిలోనూ కనబడుతుంది.

అచ్చు పడడం గురించి ఒక మాట చేరుస్తాను. 1987లో ఈస్ట్‌మన్ కొడాక్‌లో చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ అనే ఇద్దరు పరిశోధకులు ఓలెడ్ పద్ధతిని పనికివచ్చే రూపానికి తెచ్చారు, ఆ తరువాత దశాబ్దాలలో అన్నిటికంటే మొండికేసినది నీలం వెలుగు ఇచ్చే పదార్థం. దాని ఆయుష్షు ఎరుపు, ఆకుపచ్చల కంటే తక్కువ. అందుకే ఒక్కొక్క పొర మీద భారం తగ్గించడానికి పొరలు పెంచుకుంటూ వచ్చారు. 2025లో వచ్చిన ఎల్‌జీ జీ5 అనే ఓలెడ్ టీవీలో వెలుగునిచ్చే పొరలు నాలుగు ఉన్నాయి. అలాంటి ప్యానెల్‌కు మీ ధర సరిపోదు, మీ ధరకు వచ్చేది దానికి ముందు తరం వంటిది. రాత్రి సినిమాల కోసం మాత్రమే ఓలెడ్ కొనేవారికి ఈ చింత అక్కరలేదు, నేను కూడా నా పడకగదిలో ఓలెడ్‌నే పెట్టుకున్నాను. మీ హాలు అలాంటిది కాదు.

ఇక మీరు అడిగిన పక్క చూపు సంగతి. దీనికి మూడు దారులు ఉన్నాయి, మూడింటికీ ఏదో ఒక వెల చెల్లించాలి. ఐపీఎస్ ప్యానెల్ ఉన్న ఎల్‌సీడీ తీసుకుంటే పక్క నుంచి రంగులు నిలుస్తాయి, కానీ దాని సహజమైన కాంట్రాస్టు, అంటే తెలుపు నలుపుల వెలుగు నిష్పత్తి, వెయ్యికి ఒకటి దగ్గర ఉంటుంది, వీఏ ప్యానెల్‌కు అది మూడు వేలు, అంతకు పైన కూడా ఉంటుంది. రాత్రి మీ సినిమాలో నలుపు బూడిద రంగులోకి పోతుంది కాబట్టి ఆ దారి మీకు వద్దు. రెండవది, కొన్ని మంచి మోడళ్లలో వీఏ ప్యానెల్ మీద వెలుగును పక్కలకు పరిచే ఒక పొర అమర్చుతారు. కాంట్రాస్టు కొద్దిగా తగ్గుతుంది, పక్క నుంచి చూపు బాగా మెరుగుపడుతుంది. అన్నిటికంటే తేలికైనది మూడవది: గోడకు అతికిపోయే బిగింపు కాకుండా, ముందుకు లాగి పక్కకు తిప్పగలిగే బిగింపు పెట్టించండి. పగలు తెరను గుమ్మం వైపు పదిహేను ఇరవై డిగ్రీలు తిప్పితే మామయ్యగారికి నలభై కాస్తా పాతిక అవుతుంది, అదే తిప్పడంతో ఎదురు కిటికీల వెలుగు కూడా నేరుగా పడడం తప్పుతుంది. రాత్రి మీరు మళ్లీ సోఫా వైపుకు తిప్పుకోవచ్చు. బిగింపు మీ టీవీ బరువును మోయగలదో లేదో దాని పెట్టె మీద రాసి ఉంటుంది, అది చూసి కొనండి.

65 అంగుళాల తెర వైశాల్యం 55 కంటే దాదాపు 40 శాతం ఎక్కువ. తొమ్మిది అడుగుల దూరం నుంచి 4కే సినిమాకు అది చక్కగా సరిపోతుంది. అయితే సెట్‌టాప్ బాక్సులో వార్తల ఛానెల్ ఎస్‌డీలో (హెచ్‌డీ కంటే తక్కువ స్పష్టత ఉన్న పాత పద్ధతిలో) వస్తుంటే ఆ 576 గీతల బొమ్మను అంత పెద్ద తెర మీదికి సాగదీసినప్పుడు ముఖాలు అలుక్కుపోయినట్టు, అక్షరాల అంచులు మెట్లు మెట్లుగా కనబడతాయి. ఆ తప్పు టీవీది కాదు. మీరు ఎక్కువగా చూసే ఛానెళ్లకు హెచ్‌డీ ఉంటే ఆ ప్యాకుకు మారండి.

షాపుకు మళ్లీ వెళ్లినప్పుడు వారు నడిపే డెమో వీడియో చూడకండి. ఒక పెన్‌డ్రైవ్‌లో మీకు బాగా తెలిసిన చీకటి దృశ్యం ఒకటి, వార్తల ఛానెల్ రికార్డింగు ఒకటి వేసుకుని వెళ్లండి. షాపులో టీవీలన్నీ రంగులను, వెలుగును అతిగా పెంచి చూపే వివిడ్ మోడ్‌లో పెట్టి ఉంచుతారు, దాన్ని సినిమా మోడ్‌కో ఫిల్మ్‌మేకర్ మోడ్‌కో మార్చమనండి. చీకటి దృశ్యంలో సబ్‌టైటిల్ చుట్టూ పొగ వెలుగు ఎంత ఉందో ఎదురుగా నిలబడి చూడండి, తరువాత నాలుగు అడుగులు పక్కకు వెళ్లి వార్తలు చూడండి. మామయ్యగారిని వెంట తీసుకువెళ్లడం అన్నిటికంటే మంచిది. డాల్బీ విజన్ (సినిమాలో వెలుగునీడలను, రంగులను మెరుగుగా చూపే ఒక పద్ధతి) కావాలనుకుంటే శామ్‌సంగ్ టీవీలలో అది ఉండదని ముందే తెలుసుకోండి.

జవాబు: గోదావరిగట్టు (రాజమహేంద్రవరం)

పిడుగుల సంగతి వచ్చింది కాబట్టి ఒక్క మాట. ఉరుములు దగ్గరగా ఉన్నప్పుడు ప్లగ్గు తీయడం సరైన పనే, మీ అత్తగారిని మాన్పించకండి. ఎల్‌సీడీకి రాత్రిపూట స్విచ్ ఆపినా నష్టం ఏమీ లేదు. కానీ ప్లగ్గు ఒక్కటి తీస్తే చాలదు. వర్షాకాలంలో నా దగ్గరికి వచ్చే టీవీలలో చాలావాటికి కరెంటు వైపు అంతా బాగానే ఉంటుంది, హెచ్‌డీఎంఐ పోర్టు కాలి ఉంటుంది. డాబా మీది డిష్ తీగ నుంచో, వీధి స్తంభం నుంచి వచ్చే కేబుల్ తీగ నుంచో వచ్చిన దెబ్బ సెట్‌టాప్ బాక్సులోకి దిగి, అక్కడి నుంచి హెచ్‌డీఎంఐ తీగ ద్వారా టీవీ మదర్‌బోర్డుకు చేరుతుంది. కాబట్టి ఆ డిష్ తీగను లేదా కేబుల్ తీగను కూడా బాక్సు దగ్గర ఊడదీయాలి. ఇంట్లో ఎర్తింగు సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియనుతో ఒకసారి చూపించండి. ఎర్తింగు లేని చోట సర్జ్ ప్రొటెక్టరు (కరెంటు ఒక్కసారిగా పోటెత్తితే అడ్డుకునే పరికరం) పెట్టినా పూర్తి ప్రయోజనం ఉండదు.

వారంటీ కాగితంలో ప్యానెల్‌కు ఎన్నేళ్లో, అందులో బ్యాక్‌లైట్ కూడా కలిసి ఉందో లేదో రాతపూర్వకంగా చూసుకోండి. నోటిమాటను నమ్మకండి.

తూర్పుకిటికీ (గుంటూరు):

ఏడురంగులు గారు చెప్పినట్టే ఆదివారం మామయ్యగారిని వెంటబెట్టుకుని షాపుకు వెళ్లాము. వివిడ్ మోడ్ మార్చమని అడిగితే మొదట కొంచెం తటపటాయించారు గానీ తరువాత చేశారు. మార్చగానే రెండు టీవీల మధ్య నాకు మొదటి రోజు కనబడినంత తేడా కనబడలేదు. చీకటి దృశ్యంలో ఓలెడ్‌దే పైచేయి, ఆ విషయంలో రెండోఆట గారి మాటకు తిరుగులేదు. మామయ్యగారు మాత్రం పక్కకు వేయించుకున్న కుర్చీలో కూర్చుని, షాపు అద్దాల నుంచి ఎండ లోపలికి పడుతుండగా, మినీ ఎల్‌ఈడీ తెర మీద కింద నడిచే స్క్రోలింగును పైకి చదివి వినిపించారు. పక్క చూపు కోసం అదనపు పొర ఉన్న మోడల్ అది, మేము అనుకున్నదానికి ఆరు వేలు ఎక్కువ అయింది. 65 అంగుళాలదే తీసుకుంటున్నాము. ఓలెడ్ మీద నా మనసు పోలేదు. పిల్లల చదువులు ఒక దారికి వచ్చాక మా గదిలో ఒకటి పెట్టుకుంటాను.

ఇప్పుడు ఒక చిక్కు మిగిలింది. పాత టీవీ కోసం వడ్రంగి చేసిన షోకేసులో అర లోపలి వెడల్పు 140 సెంటీమీటర్లే ఉన్నది, 65 అంగుళాల టీవీ వెడల్పు 144, 145 వరకు ఉంటుందట. పక్క చెక్కలు తీయించి అరలోనే అమర్చాలా, అర మొత్తం తీయించి గోడకే బిగించాలా?

జవాబు: గోదావరిగట్టు (రాజమహేంద్రవరం)

అర మొత్తం తీయించండి అమ్మా. పక్క చెక్కలు ఉంటే తెరను గుమ్మం వైపుకు తిప్పడం కుదరదు. పైగా మినీ ఎల్‌ఈడీలో దీపాలు ఎక్కువ, వేడి వెనుక నుంచి పైకి పోవాలి, పైన కనీసం పది సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. తిప్పే బిగింపుకు గోడ ఇటుకదా, బోలు దిమ్మలదా అన్నది ముందుగా చూడమని బిగించేవారికి చెప్పండి, బోలు దిమ్మలైతే స్క్రూల కోసం గోడలో దిగగొట్టే మామూలు ప్లగ్గులు పట్టవు. టీవీ పెట్టె వచ్చినప్పుడు పడుకోబెట్టనివ్వకుండా నిలువుగానే ఉంచమనండి, తెర మధ్యలో చేత్తో పట్టుకోకుండా ఇద్దరు మనుషులు అంచులు పట్టుకుని ఎత్తాలి.